సోలాపూర్‌లో రెండుసార్లు ఆడిన ఆఖరాట

సోలాపూర్ నుంచి వచ్చి నెల దాటింది. ఇప్పటికీ మా సిద్దిపేట వాడకట్టు ఆడవాళ్ళు బావి దగ్గర నన్ను ఆపి, అక్కడి చీరలు ఎట్లా ఉన్నాయని అడుగుతున్నారు. చీరల సంగతి చెప్తాను. కానీ ముందు ఆట సంగతి చెప్పకపోతే చీర సంగతి ఎవరికీ అర్థం కాదు.

మేము ఆట చూడడానికి పోలేదు. అసలు అక్కడ ఆట ఉందని కూడా మాకు తెలియదు. మా అక్క రాజవ్వను సోలాపూర్‌లో మగ్గం నేసే వెంకటేశం బావకిచ్చి చాలా ఏళ్ళైంది. మొన్న చలికాలంలో అటునుంచి వచ్చిన నూలు బేరగాడొకడు మా నాయనతో, “నీ అల్లుడు మగ్గం మీద కూసుంటలేడు, మైదాన్ల ఎగురుతుండు” అన్నాడు. అది విన్నాక నాయనకు అన్నం సహించలేదు. నేసేవాడు నేయకపోతే ఇల్లు ఎట్లా గడుస్తుంది? నాలుగు రోజులు తనలో తానే గొణుక్కుని, చివరికి నన్ను పిలిచాడు.

“నువ్వు గూడ నడువు బిడ్డా. మీ అక్క నాతోటి చెప్పది, నీతోటి చెప్తది. కష్టమున్నదంటె చాలు, దాన్ని తోలుకొద్దాం.”

అట్లా బయల్దేరాం. కూతురిని వెనక్కి తెచ్చుకోవడానికి.

వాడి జంక్షన్

సికింద్రాబాద్‌లో ఎక్కిన బండి దిగి, వాడి స్టేషన్‌లో ఇంకో బండి కోసం కూర్చున్నాం. నాయన చాయ్ కొందామని మన నిజాం హాలీ నాణెం ఇస్తే, చాయ్‌వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి చేతిలో పెట్టాడు. ఆ రైలు దారి ఇంగ్లీషువాళ్ళ కంపెనీది, స్టేషన్‌లో అంతా కల్దారేనట, వాళ్ళ డబ్బు. మన రాజ్యంలో నిన్నటిదాకా చెల్లిన పైసా అక్కడ గులకరాయి అయిపోయింది. నాయన అవమానపడ్డాడు. పక్కన గంప పెట్టుకుని కూర్చున్న గాజులమ్మే ఆమె ఎవరో, మా ముఖాలు చూసి నవ్వి, ఇద్దరికీ తానే చాయ్ ఇప్పించింది. అప్పడంలా కరకరలాడే జొన్నరొట్టె కూడా విరిచి ఇచ్చింది. మన రొట్టె పూట దాటితే తోలులా సాగుతుంది. ఈ కడక్ రొట్టె నెలరోజులైనా చెడదని సైగలతో చెప్పింది. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. మా బండే ఎక్కి, దారిలో ఆమె దిగిపోయేటప్పుడు మాత్రం నాయన లేచి దండం పెట్టాడు.

కుంఠా నాకా

సోలాపూర్ స్టేషన్ బయట టాంగావాడికి నాయన అల్లుడి పేరు చెప్పి, కుంఠా నాకా దగ్గర మగ్గాల గల్లీ అన్నాడు. వాడు గుర్రాన్ని అదిలిస్తూ తెలుగులోనే, “హుతుతు వెంకటేశం ఇల్లేనా? ఆయన చుట్టాలకు కిరాయెందుకు, కూసోండ్రి!” అన్నాడు. హుతుతు అంటే ఏమిటో తెలియకపోయినా, బావ పేరు ఊళ్ళో తెలుసని నాకు సంతోషమైంది. నాయన మాత్రం మీసం కొరుక్కున్నాడు.

గల్లీలోకి తిరగగానే మగ్గాల చప్పుడు ఎదురొచ్చింది. ప్రతి గడప లోపలా ఒక మగ్గం. గోడల మీద తెలుగు రాతలు, అరుగుల మీద తెలుగు మాటలు. ఇంత దూరం వచ్చి మళ్ళీ మన వాడకట్టుకే చేరామా అనిపించింది. కాకపోతే అక్క మాట మారిపోయింది. నన్ను చూసి, “అరే చెల్లే! అచానక్ గిట్లొచ్చిండ్రు, ఒక చిట్ఠీ అన్న రాయకపోతిరి!” అంటూ ఏడ్చి నవ్వింది.

పక్కింటి గంగూబాయి మరాఠీ ఆమె. మేము వచ్చామని పల్లీల చట్నీ, రొట్టె తెచ్చి నా ముందు పెట్టి, “బస్, బస్” అంది. మన దగ్గర బస్ అంటే చాలు అని కదా. నేను ఇంకా ముట్టుకోనే లేదు, అప్పుడే చాలంటుందేమిటని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె ఇంకా గట్టిగా “బస్ గే!” అంది. అక్క పొట్ట పట్టుకుని నవ్వి, “కూసోమంటుందే పిచ్చిదానా!” అంది. మరాఠీలో బస్ అంటే కూర్చో అని. ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ గల్లీ ఆడవాళ్ళు నేను కనపడితే చాలు, “బస్, బస్” అని ఆటపట్టించారు.

తెల్లవారి మగ్గం

మరునాడు మిల్లు భోంగా మోతకు మెలకువ వచ్చింది. ఆ కూత ఊరంతటినీ ఒక్కసారే లేపుతుంది. లోపల మగ్గం ఆడుతోంది. బావే నేస్తున్నాడనుకుని, అది చూసిన నాయన ముఖం ఎట్లుందో చూద్దామని లేచి వెళ్ళాను. నాయన అప్పటికే గడపలో వేపపుల్ల చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నది మా అక్క.

మా ఇళ్ళలో ఆడవాళ్ళం కండెలు చుడతాం, పడుగు పోస్తాం, గంజి పెడతాం. మగ్గం మాత్రం ఎక్కం. ఎక్కకూడదని ఎవరూ చెప్పలేదు, ఎక్కినవాళ్ళను చూడలేదు, అంతే.

“నువ్వు మగ్గమెక్కినవా?” అన్నాడు నాయన.

“ఎక్కిన నాయినా. ఈ నెల తెల్లారుజామున నేను నేస్త, పొద్దెక్కినంక ఆయన కొంచెం సేపు నేస్తడు, తర్వాత మళ్ళ నేను. సాయంత్రం ఆయన మైదాన్‌కు పోవాలె.”

“ఆటకోసం పెండ్లాన్ని మగ్గమెక్కిచ్చిండా!”

“ఆయన ఎక్కియ్యలే. నేనే ఎక్కిన. నేనే ఆడుమన్న.” అక్క నేత ఆపింది. “మేమొచ్చిన కొత్తల నల్లా కాడ మమ్ముల తెలంగీలని పక్కకు జరిపేటోళ్ళు నాయినా. మా బిందె ఎప్పుడూ ఆఖర్నే. ఆయన జట్టు గెలుసుడు షురువైనంక, ‘వెంకటేశం బాయకో వచ్చింది, జాగా ఇయ్యుండ్రి’ అంటున్నరు. బాయకో అంటె పెండ్లాం. ఈ యేడు మన జట్టు మొట్టమొదటిసారి ఆఖరి ఆటల దాకా వచ్చింది. ఇప్పుడు ఆపుమంటె ఎట్ల ఆపుత?”

నాయన మగ్గం దగ్గరికి వచ్చాడు. వంగి, మగ్గం మీది చీరను వేళ్ళతో తడిమాడు. అక్కడి మరాఠీ ఆడవాళ్ళు కట్టే తొమ్మిది గజాల చీర అది, ఎర్రంచు. అల్లుడి నేత ఎక్కడ ఆగింది, బిడ్డ నేత ఎక్కడ మొదలైంది అని వెతికాడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. నలభై ఏళ్ళు మగ్గం మీద బతికిన చెయ్యికి ఆ జాడ దొరకలేదు.

“అంచు బాగ పట్టినవ్” అని ఒక్క మాట అని ముఖం కడుక్కోవడానికి పోయాడు.

మిల్లువాళ్ళతో మొదటాట

మన చెడుగుడే అక్కడ హుతుతు. కూతకు వెళ్ళినవాడు ఒక్క ఊపిరిలో “హుతుతుతు” అంటూ అవతలివాళ్ళను ముట్టి తిరిగి రావాలి. దొరికితే, ఊపిరి తెగితే, బయటికి. మన దిక్కు అట్లా బయటికి పోయినవాణ్ణి సచ్చిండు అంటాం, ఆట అయ్యేదాకా వాడు సచ్చినట్టే. అక్కడ సంజీవని అని ఒక పద్ధతి ఉంది. అవతలివాడొకడు పోతే, ఇవతల పోయినవాడొకడు తిరిగి లేచి వస్తాడు. అందుకే ఆట చివరిదాకా ఎవరిదో చెప్పలేం. ఇంకో విషయం, అక్కడ ఆడవాళ్ళు కూడా మైదానానికి వస్తారు. తాడు కట్టిన ఒక పక్క మాకు వేరే చోటు ఉంది.

ఆ యేడు మొత్తం మీద ముందు నిలిచిన నాలుగు జట్లకు ఆఖరి ఆటలు పెట్టారు. మొదటి రెండు జట్లు మనవాళ్ళు, మిల్లువాళ్ళు. ఆ ఇద్దరిలో గెలిచినవాళ్ళు నేరుగా ఆఖరాటకు పోతారు. ఓడినవాళ్ళకు ఇంకొక్క అవకాశం, మిగతా రెండు జట్లలో గెలిచినవాళ్ళతో ఆడాలి.

మిల్లు జట్టులో బసప్ప అని ఒక పొడుగాటి మనిషి ఉన్నాడు. కూతకు వస్తే కొంగ నడిచినట్టు వస్తాడు, పోతే పాము పోయినట్టు పోతాడు. మన జట్టులో అతణ్ణి పట్టేది బావే. రెండుసార్లు పట్టాడు. మూడోసారి బసప్ప మడమ బావ చేతిలో పడ్డది గానీ, అతను ఎగిరిన విసురుకు బావ కుడిచేతి బొటనవేలు వెనక్కి మడత పడింది. బావ వదల్లేదు. బసప్ప అతణ్ణి ఈడ్చుకుంటూ గీత దాకా పోయి ముట్టేశాడు. పట్టిన బావ, సాయం పట్టిన ఇద్దరు, మొత్తం ముగ్గురు బయటికి పోయారు. అక్కడే ఆట పోయింది.

ఇంటికొచ్చేసరికి వేలు వంకాయలా వాచింది. అంతవరకూ బావను ఎదురుగా పల్లెత్తు మాట అనని నాయన అప్పుడు అరిచాడు.

“నేసేటోనికి బొటనవేలు పోతె ఏముంటది అల్లుడా? ఏం జేసి బతుకుతరు? నా బిడ్డను నేను తీస్కపోత!”

బావ తల వంచుకున్నాడు. అక్క పసుపు నూరుతూ తల కూడా ఎత్తకుండా, “నేను రాను నాయినా” అంది.

తెల్లారి వచ్చిన మనిషి

మరునాడు పొద్దున గడపలో నీడ పడింది. చూస్తే బసప్ప. వెంట ఒక ముసలాయన. అతని మాట సగం కన్నడం, సగం మరాఠీ. అక్క మాకు తెలుగులో చెప్పింది. ఆ ముసలాయన అతని మేనమామ, బెణుకులు సరిచేస్తాడట. నా కాలు పట్టబట్టే కదా ఈ చెయ్యి ఇట్లయింది అని బసప్ప రాత్రంతా పడుకోలేదట.

మేనమామ బావ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నూనె రాసి, ఊరి సంగతులు అడుగుతూ అడుగుతూ ఒక్క గుంజు గుంజాడు. బావ కళ్ళు తిరిగి గోడకు ఒరిగాడు. గుడ్డ కట్టి, పది పదిహేను రోజులు మగ్గం ముట్టొద్దన్నాడు.

“మరి ఆట?” అని నాయన అడిగించాడు.

ముసలాయన నవ్వాడు. “వద్దంటె వింటడా? వినని మాట చెప్పుడెందుకు!”

నాయనకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు గానీ ఆగలేదు. ఆ ఇంట్లో అడుగు పెట్టాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ సాయంత్రం రైల్వే జట్టుతో ఆటలో బావ కట్టుతోనే దిగాడు. చెయ్యి పనికిరాదు కాబట్టి పట్టడం మానేసి కూతకు పోయాడు. ఎప్పుడూ పోనివాడు పోయేసరికి అవతలివాళ్ళకు అతని నడక అందలేదు. కొద్దిలో గెలిచాం. చూశారా, అప్పటికే నేను ‘గెలిచాం’ అంటున్నాను.

ఆఖరాట

ఆఖరాట మిల్లు సెలవునాడు. ఆ రోజు కుంఠా నాకాలో ఒక్క మగ్గం చప్పుడు కూడా వినపడలేదు. గల్లీ గల్లీ మైదానానికి కదిలింది. గంగూబాయి మరాఠీదైనా మావైపే కూర్చుంది. మన గల్లీ నీళ్ళు తాగుతున్నాను కదా అంది. మరునాడు మా తిరుగు ప్రయాణం. అక్క రానందని నాయనకు అర్థమైపోయింది, ఇంక మూట సర్దుకోవడమే మిగిలింది.

ఆ ఆట చెప్పడం నాకు చేతకాదు. ఒక పక్క ఇద్దరు పోతే ఇటు ఇద్దరు లేచారు. మనవాళ్ళు ముందుకు పోతే మిల్లువాళ్ళు అందుకున్నారు. పొద్దు వాలింది. చివర్లో మనవాళ్ళు ఒక్క మనిషి ముందున్నారు. బసప్ప కూతకు వచ్చి, మూలనున్న మనవాణ్ణి కాలి కొనతో ముట్టి పోయాడు. పంచ్, అంటే తీర్పు చెప్పే మనిషి, చెయ్యెత్తి ఈల వేశాడు. లెక్క చూస్తే సమానం.

ఒకటే గోల. ముట్టలేదని మనవాళ్ళు, ముట్టాడని వాళ్ళు. ముట్టించుకున్న మనవాడే ముందుకొచ్చి, “తాకింది” అన్నాడు. దాంతో గోల ఆగింది. పంచ్‌లు ముగ్గురూ మాట్లాడుకుని, వచ్చే మిల్లు సెలవునాడు మొదట్నుంచీ మళ్ళీ ఆడాలన్నారు.

జనం విడిపోతుంటే నేను నాయన దగ్గరికి పోయి, “రేపటి బండికి పోదామా?” అన్నాను.

నాయన నావైపు చూడలేదు. “బండిదేమున్నది, రోజూ పోతది” అన్నాడు.

తాడు మగ్గం

బావ చెయ్యి మగ్గానికి పనికిరాదు. అక్కకు అప్పటికే చేతులు కదుములు కట్టాయి. చీర అడిగే షావుకారు వారంలో వస్తాడు. రెండో రోజు పొద్దున నాయన పంచె ఎగ్గట్టి, “జరుగు బిడ్డా” అని మగ్గం గుంటలో దిగాడు.

మా నాయనది అడ్డపోగు మోసుకుపోయే నాడెను చేత్తో విసిరే పాత మగ్గం. బావది తాడు లాగితే నాడె దానంతటది పరుగెత్తేది. నాయన తాడు లాగిన మొదటి ఊపుకే నాడె ఎగిరొచ్చి కింద పడింది. నాలుగు పోగులు తెగాయి. గడపలో నిలబడ్డ గంగూబాయి నోరు కొంగుతో మూసుకుంది.

“గంత గట్టిగ గాదు నాయినా. మణికట్టు తోటి” అంది అక్క.

“నాకు నేర్పుతవా?”

“నేర్పుత. లాగుండ్రి... అట్ల గాదు... ఆఁ, గట్ల!”

తెగిన పోగులు అక్క ముడేసింది. నాయన మళ్ళీ లాగాడు. మధ్యాహ్నానికి నాడె ఆయన మాట విన్నది. సాయంత్రానికి ఆయన కూనిరాగం తీస్తున్నాడు. బావ సిగ్గుతో, “మామా, మీరు లేవుండ్రి, బాగుండది” అంటే, “నువ్వు పోయి ఆడు. ఇక్కడ నీకేం పని?” అని కసిరాడు. కూతురిని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, అల్లుడు ఆడాలని అల్లుడి మగ్గం నేశాడు. ఆ వారమంతా నేశాడు.

ఆ మధ్యలో ఒకనాడు బసప్ప మేనమామ తన చేనుకు రమ్మంటే హోట్గి రోడ్ మీదుగా నడిచి పోయాం. జొన్న పాలకంకులు కాల్చి, చేతుల్లో నలిచి పెట్టారు. మన ఊచబియ్యమే. వాళ్ళు హుర్డా అంటారు. మనం బెల్లంతో తింటాం, వాళ్ళు పల్లీల కారం నంజుకుంటారు. కారమే బాగుందని ఒప్పుకుంటున్నాను. బసప్పా బావా ఒకే కుప్ప ముందు కూర్చుని తిన్నారు, ఆట మాట ఒక్కటీ ఎత్తలేదు. లేచేటప్పుడు మాత్రం బసప్ప కట్టు వైపు చూసి, “ఆ చెయ్యి చూసి నేను ఆగను” అన్నాడు. బావ, “ఆగితె నీతోటి మాట్లాడ” అన్నాడు.

రెండోసారి

రెండో ఆఖరాటకు మొదటిదానికంటే ఎక్కువ జనం. చెట్లెక్కారు, బండ్లెక్కారు. నాయన తాడు పక్కకే వచ్చి నిలబడ్డాడు. నేనూ అక్కా ఇటు పక్క. అక్క చెయ్యి నా చేతిలో ఉంది, కాయలు కాచి గరుకుగా.

ఈసారి మనవాళ్ళు మొదట్నుంచీ వెనకపడ్డారు. బసప్ప అన్నట్టే ఆగలేదు. సగం ఆటకు మన జట్టులో ముగ్గురే మిగిలారు. అక్కడి నుంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఎట్లా లేచారో, కూతకు పోయిన కుర్రాళ్ళు ఊపిరి ఎక్కడ దాచుకున్నారో! పంచ్ గడియారం చేతిలోకి తీసుకున్నప్పుడు లెక్క మళ్ళీ సమానమే. మిల్లువాళ్ళ కూత మిగిలింది. వచ్చేది బసప్ప.

“హుతుతుతుతు...” అంటూ వచ్చాడు. మనవాళ్ళు గొలుసు కట్టి వెనక్కి జరిగారు. బావ చివర్లో ఉన్నాడు, కట్టున్న చెయ్యి వీపు వెనక పెట్టుకుని. బసప్ప సహజంగా ఆ వైపుకే వచ్చాడు, పట్టే చెయ్యి లేదు కదా అని. కాలు చాపాడు. బావ ఉన్నపళంగా నేల మీదికి ఒరిగి, రెండు కాళ్ళ మధ్య ఆ కాలిని కత్తెరలో గుడ్డ పట్టినట్టు పట్టేశాడు. కైంచీ అంటారట దాన్ని.

బసప్ప గుంజాడు. దొర్లాడు. గీతకు మూర దూరం. కూత సన్నబడుతోంది. బావ కాళ్ళు విడిపోలేదు. చిన్నప్పట్నుంచీ గుంటలో తొక్కుడు చెక్కలు తొక్కిన కాళ్ళవి.

“కాళ్ళు!” అని ఎవరో అరిచారు. “మగ్గపోని కాళ్ళురా అవి! ఇడువకు అల్లుడా! ఇడువకు!”

అరుస్తున్నది మా నాయన. తలపాగా ఊడి భుజం మీద పడింది, ఆయనకు తెలియదు. మా ఊళ్ళో గట్టిగా దగ్గడం కూడా మర్యాద కాదనుకునే మనిషి.

కూత తెగింది. పంచ్ చెయ్యి మనవైపు లేచింది.

తర్వాత నాకు మైదానం కనపడలేదు, కళ్ళ నిండా నీళ్ళే. అక్క నన్ను వదిలి తాడు దాటి పరుగెత్తింది. బసప్ప లేచి, దుమ్ము దులుపుకోకుండానే బావను లేపి, చంకలో చెయ్యేసి ఎత్తాడు. ఓడినవాడు గెలిచినవాణ్ణి ఎత్తుకుని జనానికి చూపించాడు. మన వాళ్ళకంటే ముందు అతనే ఎత్తాడు, అది నేను మర్చిపోను.

హల్గీ డప్పులు కొట్టుకుంటూ ఊరేగింపు గల్లీకి వచ్చింది. ఒక్కో గడప దగ్గర ఆగితే ఒక్కొక్కరు నీళ్ళు పోసి బొట్టు పెట్టారు. ఇంటి ముందు బావ వంగి నాయన కాళ్ళు మొక్కబోతే, నాయన ముందు కట్టున్న చెయ్యి పట్టుకుని, బొటనవేలు మెల్లగా వంచి చూశాడు. వంగింది. అప్పుడు కౌగిలించుకున్నాడు.

తిరుగు ప్రయాణం

ఇంక చీర సంగతి. షావుకారు వచ్చి కొలిచి, మడిచి, చేతి నేత బాగుందని చెప్పి తీసుకుపోయాడు. ఆ చీరను బావ మొదలుపెట్టాడు, అక్క నడిపించింది, నాయన దింపాడు. ఏ ఊరి ఆమె కట్టుకుంటోందో. అడిగినవాళ్ళందరికీ నేను చెప్పగల సోలాపూర్ చీర అదొక్కటే.

అక్క స్టేషన్‌కు వచ్చి కడక్ రొట్టెల కట్ట ఇచ్చింది. రమ్మని నాయన అడగలేదు. “నీళ్ళ కాడ ఎవలన్న ఏమన్న అంటె నాకు రాయి” అన్నాడంతే. అక్క నవ్వి, “ఇగ ఎవలంటరు నాయినా” అంది.

హోట్గి దాటాక, ఎదురు బల్ల మీద కూర్చున్న రైల్వే పనివాడొకడు నాయన మాట విని, తెలుగువాడని పట్టి, మాట కలిపాడు. డ్యూటీలో ఉండి ఆట చూడలేకపోయాడట.

“సోలాపూర్ల నిన్న ఆఖరాట మళ్ళీ ఆడిండ్రట గద. ఎవలు గెల్చిన్రు పెద్దాయనా?”

నాయన పుట్టింది సిద్దిపేటలో. సోలాపూర్‌లో ఉన్నది పట్టుమని పక్షం రోజులు కూడా కాదు. ఆయన తలపాగా సర్దుకుని, నిటారుగా కూర్చుని, బోగీలో అందరికీ వినపడేట్టు చెప్పాడు.

“మేమే.”